ఫొటో పంట

పైపులు తన చేలో దిగుతుంటే తక్కెడమ్మ గట్టు మీద కూర్చుని టమాటా నారు కట్టలకు తడిగుడ్డ కప్పుతోంది. పనివాళ్ళ వైపు తల తిప్పి చూడలేదు. అరువు తెచ్చుకున్న నగ పెట్టుకుని అద్దం ముందు ఎక్కువసేపు నిలబడకూడదన్నది ఆవిడ పద్ధతి. తిరిగి ఇచ్చేశాక మెడ మరీ బోసిగా కనిపిస్తుంది.

బజారులో కూరగాయలు అమ్మీ అమ్మీ ఆవిడకా పేరు వచ్చింది. ముల్లు నిలబడ్డాక ఇంకో కాయ వేసేది కాదు, ఉన్న కాయ తీసేదీ కాదు. "కొసరు వెయ్యమ్మా" అంటే, "కొసరు వేస్తే ఆ నష్టం మళ్ళీ ధరలో కలుపుకోవాలి, అప్పుడు నువ్వే తిడతావు" అనేది. సొంత పేరు అత్తగారికి కూడా గుర్తున్నట్టు లేదు.

ఈ పైపుల వ్యవహారం ఊళ్ళో అందరికీ తెలిసిందే. మొక్క మొదట్లో చుక్కచుక్కగా నీళ్ళు విడిచే పైపులు వేసుకున్న రైతుకు ఖర్చులో పెద్ద వాటా సర్కారు భరిస్తుంది. ఆ డబ్బు రైతు చేతికి రాదు, పైపులు అమ్మిన డీలరుకు వెళుతుంది. చేలో పైపులు, వాటి పక్కన రైతు నిలబడి ఉండగా అధికారి వచ్చి ఫోనులో ఫొటో తీసుకుంటే సరి. ఆ తర్వాత పైపులు చుట్ట చుట్టుకుని పక్క చేలోకి పోతాయి. రైతుకు డీలరు ఒక కవరు ఇస్తాడు. అవే పైపులు, అదే అధికారి, రోజుకో చేను. ఊళ్ళో దీన్ని ఫొటో పంట అంటారు. దుక్కి లేదు, కలుపు లేదు, చీడ లేదు. "ఈ ఏడు నీ ఫొటో బాగా పండిందా?" అని పలకరించుకుని నవ్వుకుంటారు.

తక్కెడమ్మ కూడా ఒప్పుకునే దిగింది. పైగా బేరమాడి, అందరికీ ఇచ్చేదానికంటే కాస్త బరువైన కవరు పుచ్చుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఊరికే వచ్చేదాంట్లో కూడా బేరమాడకపోతే చేతికి పట్టిన అలవాటు పోతుందని ఆవిడ భయం.

"సార్ వస్తున్నారు, లేమ్మా," అన్నాడు మేస్త్రీ. పైపులు పరిచేదీ, చుట్టేదీ అతని గుంపే.

అధికారి కుర్రవాడు. కొత్త చెప్పులు తడి మట్టిలో పడకుండా కాళ్ళు ఎత్తి ఎత్తి వేస్తూ వచ్చాడు. వెనకే డీలరు, గొడుగు పట్టుకుని.

"ఈసారి పైనుంచి కొత్త మాట వచ్చిందండీ," అన్నాడు అధికారి. "పైపు కనిపిస్తే చాలదు. నీళ్ళు కారుతూ కనిపించాలి."

"దానికేముంది," అన్నాడు డీలరు. "మేస్త్రీ, అమ్మగారి మోటారుకు కలుపు."

అదీ వాళ్ళు చేసిన తప్పు. ఇన్నేళ్ళూ పైపులు ఎండగానే వచ్చి ఎండగానే పోయాయి. కూర వండి చూపించి ఎత్తుకుపోయేవాడు వాసన మాత్రం తగలనివ్వకూడదు.

మేస్త్రీ లావు పైపును మోటారుకు బిగించాడు. తక్కెడమ్మ స్విచ్చు వేసింది. సన్న పైపులు పాముల్లా ఒళ్ళు విరుచుకుని, బుస్సుమని గాలి వదిలి, ఆ తర్వాత చుక్కలు రాల్చడం మొదలుపెట్టాయి.

"పైపు పట్టుకుని నిలబడమ్మా. కొంచెం నవ్వు," అన్నాడు అధికారి.

"నవ్వడానికి విడిగా ఏమైనా ఇస్తారా బాబూ?"

ఆ మాటకు అధికారే నవ్వేశాడు, వెనకే ఆవిడా నవ్వింది. ఫొటో అయిపోయింది. ఇద్దరూ కారెక్కి వెళ్ళిపోయారు. పైపులు చుట్టి మరిది చేలోకి మార్చాలి. కానీ వాటిని ఎక్కించుకుపోవాల్సిన ట్రాక్టరు టైరు గాలి పోయి దారిలోనే కూలబడింది. "రేపు పొద్దున్నే వచ్చి చుట్టేస్తాం. మరిదిగారి ఫొటో ఎల్లుండేగా, తొందరేం లేదు. మోటారు కట్టేసుకో అక్కా," అని మేస్త్రీ మనుషులతో వెళ్ళిపోయాడు.

ఆవిడ అత్త వచ్చి కోడలి పక్కన చతికిలబడింది. ఇద్దరు కొడుకుల్లో పెద్దవాడు పోయినా, ముసలావిడ ఉండడానికి కోడలి ఇల్లే ఎంచుకుంది. చిన్నకొడుకు ఇంట్లో అందరూ మెత్తటివాళ్ళు, పోట్లాడడానికి సరైన మనిషి ఉండదని ఆవిడ ఫిర్యాదు.

తక్కెడమ్మ మోటారు కట్టడానికి లేచింది. అవతలి చెక్క మీదుగా నడుస్తూ ఆగింది.

ఆ చేను రెండు చెక్కలు. బావి వైపున్న ఇవతలి చెక్కలో పంట పండుతుంది. అవతలి చెక్కకు నీళ్ళు చేరేలోపు కాలువే సగం తాగేస్తుంది, మోటారు గాలి పీల్చడం మొదలుపెడుతుంది. బావిలో ఆవిడకు ఒకరోజు వంతు, మరిదికి మర్నాడు వంతు. ఆ వంతులో ఎంత పరిగెత్తించినా నీరు అవతలి చెక్క ముఖం చూడలేదు. పెనిమిటి ఉన్న రోజుల్లోనూ చూడలేదు.

ఇప్పుడక్కడ ప్రతి రంధ్రం కిందా గుండ్రంగా తడి. విస్తరాకంత తడి, ఒకదాని పక్కన ఒకటి, చెక్క చివరి దాకా. తక్కెడమ్మ గొంతుక్కూర్చుని వేలు గుచ్చింది. వేలు లోపలికి పోయింది. ఇంకో వరసలో గుచ్చింది. అక్కడా పోయింది. లేచి బావి దగ్గరకు వెళ్ళి లోపలికి వంగి చూసింది. నీళ్ళు ఇంకా మెట్టు మీదే మెరుస్తున్నాయి. మామూలుగా ఈపాటికి అడుగు బురద కనపడాలి.

ఆవిడ లోపల తక్కెడ పైకి లేచింది. ఒక పళ్ళెంలో కవరు. రెండో పళ్ళెంలో అవతలి చెక్క. కవరు ఒకసారి తూగుతుంది. చెక్క ఏటా తూగుతుంది. ముల్లు ఎటు ఒరిగిందో చూడడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"ఏమే, ఆ బురదలో ఏం పోగొట్టుకున్నావు?" అని అరిచింది అత్త.

"పోగొట్టుకోలేదత్తా. ఇన్నాళ్ళూ ఏం పోగొట్టుకున్నామో ఇప్పుడు కనపడింది."

మోటారు కట్టేసి, ఆవిడ నేరుగా మేస్త్రీ ఇంటికి నడిచింది. మేస్త్రీ లేడు. కావాల్సింది అతను కాదు, అతని పెళ్ళాం. నాట్లు వేసే ఆడవాళ్ళ గుంపుకు ఆమె పెద్ద.

"టమాటా నారు ముదిరిపోతోంది. ఇవాళే నాటాలి. పైపుల పక్కన, తడి పడ్డచోటల్లా ఒక మొక్క. పైపుల మీద కాస్త మట్టి కూడా ఎగదొయ్యాలి."

"రేపు పొద్దున మా ఆయన ఆ పైపులు చుట్టేస్తాడుగా అక్కా?"

"అందుకే ఇవాళ నాటాలి."

మేస్త్రీ పెళ్ళాం ఆవిడ ముఖంలోకి కాసేపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కానీ నవ్వు కళ్ళలోంచి వచ్చేసింది.

"కూలి ఎక్కువిస్తావా మరి?"

"రేటు రేటే. కాకపోతే పని దిగకముందే చేతిలో పెడతాను."

పొద్దు వాలేలోగా రెండు చెక్కలూ నిండాయి. ఆడవాళ్ళు వంగి, బొటనవేలితో గుంట చేసి, మొక్క నిలబెట్టి, రెండు వేళ్ళతో మట్టి నొక్కుతూ పోయారు. అత్త గట్టు మీద కూర్చుని నారు అందించింది, ప్రతి కట్టకూ ఒక వంక పెడుతూ. అవతలి చెక్కలో చివరి మొక్క తక్కెడమ్మే నాటింది. నాటి, నడుం పట్టుకుని నిలబడి, పచ్చగా గీసినట్టున్న వరసల్ని చూసింది. ఈసారి అద్దం ముందు కావాల్సినంతసేపు నిలబడింది.

*

పొద్దున్నే మేస్త్రీ నలుగురు మనుషులతో వచ్చి, గట్టెక్కి, నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు.

"ఇదేంటక్కా?"

"టమాటా."

"అది కనపడుతోంది. పైపులెక్కడ?"

"మట్టి కింద. జాగ్రత్త, వేళ్ళు మెత్తగా ఉన్నాయి, కాలు వెయ్యకు."

గుంపులో ఒకడు వంగి పైపు కొస పట్టుకున్నాడు. మేస్త్రీ చెయ్యెత్తి ఆపాడు.

"ఒరేయ్, వదులు. ఈ నాటు మా ఇంటిది నాటిందిరా. నా చేత్తో పీకించానని తెలిస్తే నాకు కూడు పుట్టదు."

"అయితే నిన్న రాత్రే నీకు తెలుసన్నమాట," అన్నాడు వాడు.

"తెలిస్తే ఇంత దూరం నడిచొస్తానా? అది ఒక్క ముక్క చెప్పలేదు. పొద్దున్నే ఎప్పుడూ లేంది రెండోసారి వడ్డించింది. అప్పుడే అనుమానపడాల్సింది."

మేస్త్రీ గట్టు మీదే కూలబడి డీలరుకు ఫోను చేశాడు.

డీలరు వచ్చేసరికి ఎండ ఎక్కింది. గొడుగు లేదు, చెమటలు. చేను చూసి, మేస్త్రీని చూసి, చివరికి తక్కెడమ్మ వైపు తిరిగి ముఖానికి నవ్వు పులుముకున్నాడు.

"ఏమ్మా, మనం అనుకున్నదేంటి, నువ్వు చేసిందేంటి? మాట మీద నిలబడే మనిషివని అందరికంటే ఎక్కువిచ్చాను."

అత్త చెవులు నిక్కబొడుచుకుంది. "ఎక్కువా? ఎంత ఎక్కువే?"

"అది తర్వాత పోట్లాడుకుందాం అత్తా," అని తక్కెడమ్మ కొంగుముడి విప్పి కవరు తీసింది. "ఇదుగో బాబూ. చింపను కూడా చింపలేదు. మీ కవరు మీరు తీసుకోండి, నా పైపులు నాకుంచండి."

డీలరు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు, నిప్పు అందించినట్టు. ఆ కవరు తీసుకుంటే పైపులు అమ్మినట్టు తనే ఒప్పుకోవాలి.

"అలా ఎలా కుదురుతుందమ్మా? ఇంకా నాలుగు చేలున్నాయి. మీ మరిదిది రేపే. వాళ్ళ నోటి దగ్గర కూడు లాగేస్తావా?"

"నేనెందుకు లాగుతాను? నాలుగు చేలకు నాలుగు జతల పైపులు దింపండి."

"అన్నీ దింపేస్తే నాకేం మిగులుతుంది?"

"సరుకు అమ్మితే ఎంత మిగలాలో అంత మిగులుతుంది. నాకూ అంతే మిగులుతోంది, నేను బతకడం లేదా? నేను వంకాయలు తూచి, డబ్బు పుచ్చుకుని, వంకాయలు మళ్ళీ నా గంపలోనే వేసుకున్నాననుకోండి. చేతిలో ఓ కాయ పెట్టి పొమ్మన్నాననుకోండి. నన్నేమంటారు?"

మేస్త్రీ మనుషుల్లో ఒకడికి దగ్గు వచ్చింది. దగ్గు కాదని అందరికీ తెలుసు.

డీలరు నవ్వు తుడిచేసుకున్నాడు. "పైపులు దొంగిలించావని కేసు పెడతాను."

"పెట్టండి. ఇవి ఈవిడవే అని చెప్పి సర్కారు మనిషి చేత ఫొటో తీయించింది మీరే. నవ్వమంటే నవ్వాను కూడా."

"ఆ ఫొటో రద్దు చేయిస్తాను."

"చేయించండి. మీకు పడాల్సిన డబ్బు పడదు. పైపులెటూ ఇక్కడే ఉన్నాయి."

డీలరు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ఇంతలో ఆ గొడవ విని మరిది తన చేలోంచి పరిగెత్తుకొచ్చాడు, చేతిలో పార అలాగే ఉంది. రెండు చేలకూ మధ్య ఒక్కటే గట్టు. అన్న పోయిన ఏడు ఆ గట్టు జానెడు ఇటు జరిగిందని తక్కెడమ్మ అంటుంది. గట్టుకు కాళ్ళుండవని మరిది అంటాడు. అప్పట్నుంచీ ఇద్దరూ పనుంటే తప్ప మాట్లాడుకోరు.

"వదినా, ఏంటిది? రేపు నా ఫొటో!"

"తీయించుకో. నేనొద్దన్నానా?"

"పైపుల్లేకుండా ఏం తీయించుకోను, నా ముఖమా?"

"నీ ముఖానికేం, బాగానే ఉంటుంది. మీ అన్న పోలికే."

"వేళాకోళం కాదు వదినా. ఆవు జబ్బు పడితే ఆయన కవరు ముందే తీసుకుని ఖర్చు పెట్టాను. ఫొటో లేకపోతే అది అప్పవుతుంది. నీకు పెద్ద కవరిచ్చాడట, ఇప్పుడు పైపులు కూడానా? నువ్వు తిని మా విస్తళ్ళు చింపుతావా?"

ఆ మాట తక్కెడమ్మకు తగిలింది. అందులో తూకం తప్పలేదు మరి. కవరు పుచ్చుకున్నదీ తనే, బేరమాడి బరువు పెంచుకున్నదీ తనే.

"కవరు ఇచ్చేస్తున్నాను. ఆయనే పుచ్చుకోవడం లేదు," అంది.

"రేపు మధ్యాహ్నం సార్ వస్తారు," అన్నాడు డీలరు మరిదితో. "నువ్వేం దిగులు పడకు, నేను చూసుకుంటాను." వెళుతూ వెళుతూ ఆగి ఆవిడ వైపు తిరిగాడు. "విత్తనాలు, మందులు నా కొట్లోనే కొనాలి. గుర్తుంచుకో."

"కొంటే డబ్బిచ్చే కొంటానుగా. ఆ మాటకొస్తే మీ ఇంట్లోనూ కూరగాయలు కొంటారు."

ఆవిడ కవరును మోటారు షెడ్డులో, పాత అరకేజీ రాయి కింద పెట్టింది. ఎవరిదీ కాని డబ్బు ఒంటి మీద ఉంచుకుంటే దురదగా ఉంటుంది.

నష్టం అదే రోజు మొదలైంది. మధ్యాహ్నం బజారుకు వెళ్ళే ట్రాక్టరు ఆవిడ గంపలు ఎక్కించుకోకుండానే పోయింది. తోలేవాడి తండ్రిది ఫొటో కావాల్సిన చేలల్లో ఒకటి. తక్కెడమ్మ గంప నెత్తిన పెట్టుకుని పెద్ద రోడ్డు దాకా నడిచింది, మళ్ళీ వచ్చి రెండోది మోసింది. దారిలో ఎప్పుడూ పలకరించేవాళ్ళకు చెప్పుల్లో ముళ్ళు దిగాయి, వంగి తీసుకున్నారు. బజారు చేరేసరికి మంచి బేరాలు అయిపోయాయి. వడలిన కాయలు వచ్చిన ధరకు వదిలించుకుంది. మెడ నొప్పి, రావాల్సిన దాంట్లో సగం, నాలుగిళ్ళతో పగ. ఇవన్నీ ఒక పళ్ళెంలో వేసి చూసుకుంది. ముల్లు అటూ ఇటూ ఊగింది గానీ ఒరగలేదు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి గట్టు మీద మరిది ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఆ రోజు వంతు అతనిది. అతని మోటారు అప్పటికే గాలి పీల్చి ఆగిపోయింది. చేను చివర ఎండు నేల అలాగే తెల్లగా ఉంది.

"నిన్న నీ మోటారు ఎంతసేపు ఆడింది?" అన్నాడు, ఆవిడ వైపు చూడకుండా.

"ఫొటో తీసుకున్నంతసేపు. తర్వాత మీ అమ్మ నాలుగు తిట్లు తిట్టినంతసేపు."

"అంతసేపట్లో అవతలి చెక్క తడిసిందా? అబద్ధం."

"అబద్ధమైతే మట్టి చెబుతుంది. పట్టుకు చూడు."

అతను గట్టు దిగలేదు. గట్టు మీద నుంచే వంగి, మొక్క మొదట్లో చారెడు మట్టి తీశాడు. గుప్పిట బిగించి తెరిచాడు. మట్టి ముద్దలా నిలబడింది, వేళ్ళ గుర్తులు పడ్డాయి. ఒక రోజంతా ఎండ కాసింది, అయినా ముద్దలా నిలబడింది. కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"బావిలో ఎన్ని మిగిలాయి?"

"నీ వంతుకు పొద్దున నువ్వు మోటారు వేసినప్పుడు ఎన్నున్నాయో నీకే తెలియాలి. రోజూ కంటే ఎక్కువసేపు ఆడలేదూ?"

అతను మట్టి ముద్దను విసిరెయ్యలేదు. తీసినచోటే పెట్టి, బొటనవేలితో నొక్కి, వెళ్ళిపోయాడు.

*

మర్నాడు మధ్యాహ్నం అధికారితో పాటు డీలరు దిగాడు. ఫొటో కావాల్సిన మిగతా ముగ్గురు రైతులు కూడా వచ్చి దారి పక్కన గుమికూడారు. ఇవాళ ఇక్కడ ఏం తేలితే తమకూ అదే. తక్కెడమ్మ మోటారు వేసి మొక్కల మధ్య తిరుగుతోంది. వంతు ఆవిడదే.

డీలరు అధికారిని మరిది చేలోంచి నడిపించి గట్టు దగ్గర ఆపాడు. ముందు మరిది నేల, వెనక గట్టు, గట్టుకు అవతల ఆవిడ పైపులు.

"ఇక్కణ్ణించి తీస్తే సరిపోతుంది సార్. పక్కపక్క చేలే, ఫోను అంత సన్నగా చూడదు. ఏమయ్యా, గట్టు దాటి అటు వెళ్ళి ఆ వరసలో నిలబడు. ఎవరిదంటే నాదే అను, అంతే."

"అది ఆవిడ చేను కదండీ?" అన్నాడు అధికారి.

"అన్నదమ్ముల చేలు సార్, ఒకటే కుటుంబం."

తక్కెడమ్మ వచ్చి సరిగ్గా ఆ వరసలోనే, డీలరు చూపించిన చోటే నిలబడింది. కొంగు నడుముకు దోపుకుంది.

"కొంచెం పక్కకు జరగమ్మా," అన్నాడు అధికారి. "నువ్వు ఫొటోలో పడుతున్నావు."

"నా చేలో నేను నిలబడ్డాను సార్. ఎటు జరిగినా నా చేలోనే ఉంటాను."

"మొన్నటి ఫొటోలో నువ్వే ఉన్నావు. ఇందులోనూ నువ్వే ఉంటే పైవాళ్ళు అడుగుతారు."

"అడగాలనే."

"జరుగు అక్కా, పుణ్యముంటుంది," అన్నాడు డీలరు. నిన్నటిదాకా అమ్మ, ఇప్పుడు అక్క అయింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. "ఎంత కావాలో అడుగు. నీ కవరు నీకే, ఇంకోటి కూడా ఇస్తాను."

"వస్తే మా మరిదిని కూడా రమ్మనండి, నా పక్కనే నిలబడతాడు. ఇద్దరం పడతాం. ఇంకా ముగ్గురున్నారుగా, వాళ్ళ ఫొటోలు కూడా ఇక్కడే తీసుకోండి. ఐదు ఫొటోల్లోనూ నేనుంటాను. కావాలంటే నవ్వుతాను, డబ్బులక్కర్లేదు."

దారి పక్కనున్నవాళ్ళలో ఎవరో ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు.

"నువ్వెళ్ళవయ్యా," అని డీలరు మరిది భుజం మీద చెయ్యి వేసి తోశాడు. "పట్టుకుని పక్కకు జరుపు. మీ వదినేగా. చేను నీదే అనుకో."

మరిది గట్టెక్కాడు, భుజం మీద చెయ్యి తియ్యకుండా డీలరూ ఎక్కాడు. తక్కెడమ్మ కదలలేదు. అతను లాగితే తను పడిపోతుందని ఆవిడకు తెలుసు. పడితే ఏ మొక్కల మీద పడకుండా ఉండాలో కూడా చూసుకుంది.

మరిది గట్టు మీద నిలబడి ఇటు చూశాడు. చుక్కలు రాలుతున్నాయి. అటు తిరిగి తన చేను చూశాడు. చివరి దాకా చూశాడు. భుజం మీద నుంచి డీలరు చెయ్యి తీసి పక్కన పెట్టాడు, తువ్వాలు తీసి పెట్టినట్టు. గట్టు దిగాడు. దిగింది వదిన వైపు కాదు, వెనక్కి. తన చేను మధ్యలోకి నడిచి, పగుళ్ళిచ్చిన నేల మీద కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

"సార్, నా చేను ఇది. ఇక్కడ తియ్యండి."

"అక్కడ పైపులు లేవుగా," అన్నాడు అధికారి.

"లేవు."

"లేకపోతే ఏం తియ్యను?"

"లేనట్టు తియ్యండి. రైతు ఉన్నాడు, చేను ఉంది, పైపులు లేవు. ఏముంటే అది."

గట్టు మీద అత్త బుగ్గలు నొక్కుకుంది. "ఇన్నేళ్ళూ జానెడు గట్టు కోసం కొట్టుకు చచ్చాడు. ఇవాళ చేనంతా నీదే అనుకో అంటుంటే వద్దంటున్నాడు! వీణ్ణి నేనే కన్నానా?"

అధికారి ఫోను పట్టుకుని ఒకసారి డీలరు వంక చూశాడు. డీలరు కళ్ళతో ఏదో చెబుతున్నాడు. మరిది కదలడం లేదు. నవ్వడమూ లేదు. అధికారి చెప్పులు చూసుకున్నాడు, అవి పొడి నేల మీద శుభ్రంగా ఉన్నాయి. ఫోను పైకెత్తాడు. చిన్న చప్పుడైంది.

దారి పక్క నుంచి ముసలి రైతు ఒకడు గొంతు సవరించుకున్నాడు. నిన్న గంపలు వదిలేసిపోయిన ట్రాక్టరు ఆయన కొడుకుదే. "సార్, నాదీ అలాగే తీద్దురుగాని. మా చేను అటు, వాగు పక్కన. నడుస్తారా, బండి తెమ్మంటారా?"

డీలరు పక్కకు వెళ్ళి ఫోను చెవికి పెట్టుకున్నాడు. గొంతు తగ్గించే మాట్లాడాడు గానీ, గాలి మాటల్ని మోసుకొచ్చింది. "గోడౌనులో ఇంకా ఎన్ని చుట్టలున్నాయి? ... అవన్నీ లారీకెత్తి రేపు ఈ ఊళ్ళో దింపు. ... ఎందుకని నన్నడక్కు, ఎత్తు."

అందరూ వాగు వైపు వెళ్ళిపోయాక మరిది వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. తక్కెడమ్మ ఒక రంధ్రంలో ఇరుక్కున్న మట్టిని గోటితో తీస్తోంది.

"ఆవేశంలో అనేశాను," అన్నాడు. "రేపు పైపులు దింపితే ఆయన కవరు తిరిగివ్వాలి. నా దగ్గర ఏం లేదు. ఆవు మాత్రం లేచి తిరుగుతోంది."

ఆవిడ లేచి మోటారు షెడ్డులోకి వెళ్ళింది. రాయి కింది కవరు తెచ్చి అతని ఒళ్ళో పడేసింది.

"ఇది ఆయనదే. నీదని చెప్పి ఆయనకిచ్చెయ్. పెద్దది కాబట్టి మిగిలింది కూడా ఆయనకే, మనకొద్దు. నా లెక్క నేను తర్వాత చూసుకుంటాను. నువ్వు నాకు బాకీ."

మరిది కవరును అటూ ఇటూ తిప్పి చూశాడు. "వడ్డీ ఎంత?"

"వడ్డీ లేదు. గట్టు జానెడు అటు జరుపు."

అతను చాలాసేపటికి నవ్వాడు. "బెత్తెడు."

"జానెడు."

"బెత్తెడూ, పైన రెండు వేళ్ళు. వదినా, మధ్యేమార్గం."

"కొసరు లేదు. ముల్లు ఎక్కడ నిలబడితే అక్కడే. జానెడు."

అత్త ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది, చాలా ఏళ్ళకు కడుపు నిండినట్టు. మరిది లేచి, పంచె దులుపుకుని, కవరు నడుముకు దోపుకున్నాడు.

"సరే. పార ఏదీ?"

"నన్నడుగుతావేం?" అంది తక్కెడమ్మ, పైపు మీంచి తలెత్తకుండా. "అప్పుడు ఏ పారతో జరిపావో అదే తెచ్చుకో."